ఎర్రన్న పేరు చెప్పిందెవరు

ఆ ఏడు చెరుకు నరుకుడు మొదలైనప్పుడు నేను ఆ ఇంటి కోడలిని. మిల్లు గానుగ ఆగేసరికి ఆ ఇంటి దొంగని. మధ్యలో నేను చేసిందల్లా మా అత్త ఫోన్‌కు వచ్చిన ఆరంకెలు పైకి చదవడం. రొట్టెల పిండి చేతికి ఉండగానే చదివాను, చదివి మరిచిపోయాను.

మాది బోధన్ పక్క పల్లె. మామ పేరు పోశయ్య, అత్త పేరు రూతమ్మ. తాతల నాటి నుంచి మెథడిస్టు చర్చి ఇల్లే, కానీ మా మామకు వాళ్ల నాయన పాత పేరే పెట్టుకున్నాడు. నేను మాత్రం చర్చి ఇంటి పిల్లను కాను. నిజామాబాద్ చంద్రవ్వ కూతురిని, కానిస్టేబుల్ అరుణ్ చెల్లెలిని. విత్తనాల దుకాణంలో పనిచేసే విజయ్ పాల్‌ను ఇష్టపడి, బాప్తిస్మం తీసుకుని ఆ గడప తొక్కాను. అన్న కానిస్టేబుల్ అయినందుకు మొదట్లో మా అత్తవారు మురిసిపోయారు. బండికి చలానా పడితే నా దగ్గరికే వచ్చేవారు.

చెరుకు మనదే అయినా నరకడానికి మన ఇష్టం చెల్లదు. మిల్లు నుంచి ఆర్డర్ రావాలి. ఆర్డర్ వస్తేనే నాందేడ్ దిక్కు నుంచి వచ్చిన మరాఠీ కూలీలు చేనులో కత్తి పెడతారు. ముందు నాటినవాడి చేను ముందు కోయాలి, అది పద్ధతి. ఆ ఏడు పద్ధతి మిల్లు గేటు దగ్గరే చచ్చింది. నాయకుల బామ్మర్దుల చేలు వరసగా ఖాళీ అవుతుంటే, అందరికంటే ముందు నాటిన మా చెరుకు పూత వేసి, గడ లోపల బెండు పడి, నిలబడిన చోటనే ఎండిపోతూ ఉంది. మా మామ పొద్దున లేచి చేను చూసి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా గోడకు ఆనుకుని కూర్చునేవాడు.

అదిగో, అప్పుడు పుట్టాడు ఎర్రన్న.

ఎర్రన్న అనే మనిషి లేడు. మా మరిది స్టీవెన్ డిగ్రీ అయిపోయి, ఉద్యోగ పరీక్షలు రాస్తూ ఇంట్లో ఉండేవాడు. వాడే ఫోన్‌లో ఒక పేజీ పెట్టి, ఎర్ర రుమాలు చుట్టుకున్న ముసలాయన బొమ్మ గీసి, గొంతు మార్చే యాప్‌తో ముసలి గొంతు తెప్పించి, రోజుకొక ముచ్చట చెప్పించేవాడు. "ఏం సారూ, పోశయ్య చెరుకు మీ కండ్లకు కనవడ్తలేదా? బామ్మర్ది చెరుకైతే చీకట్ల సుత కనవడవట్టె. కండ్లద్దాలు మార్చుకోండ్రి, లేకుంటె బామ్మర్దిని మార్చుకోండ్రి." ఒక్కొక్క ముచ్చటలో ఒక్కొక్క రైతు పేరు వచ్చేది కాబట్టి మా మామ పేరు ఉన్నందుకు ఎవరికీ అనుమానం రాలేదు. బోధన్ చాయ్ హోటళ్లలో జనం ఎర్రన్నను వింటూ పడీ పడీ నవ్వేవాళ్లు. మిల్లువాళ్లు మాత్రం నవ్వలేదు.

పేజీ పెట్టిన నాడు జరిగింది ఇది. మా అత్తది చిన్న మీటల ఫోన్. ఆమె ఆధార్ మీద తీసుకున్న సిమ్ అది. గ్యాస్ బండ నంబరు, రేషన్ నంబరు, బ్యాంకు నంబరు, ఇంట్లో ఎవరికి ఏ ఓటీపీ వచ్చినా దానికే రావాలి. ఎవరి పనైనా కానీ, నంబరు మాత్రం రూతమ్మది. అందుకే అది ఎప్పుడూ వంటింట్లో చింతపండు డబ్బా పక్కన ఉండేది, మోగితే దగ్గరున్నవాళ్లు చూసి చెప్పేవాళ్లు. నేను జొన్నరొట్టె తడుతున్నాను. ముందు గదిలో నుంచి స్టీవెన్ అరిచాడు.

"వదినె, అమ్మ ఫోన్ల నంబర్ వచ్చిందేమో జర సూడు."

చూసి చదివాను. చదివాక అడిగాను. "దేనికిరా?"

"ఎర్రన్నకు. నా నంబర్ పెడితె రేపు దొరుకుత గద."

"అత్తమ్మ నంబరైతే దొరకవా?"

"నంబర్ బయటికి కనవడదు వదినె. గది పేజీ నడిపే కంపెనీ దగ్గర్నే ఉంటది. నీ గుట్టు మా గుట్టు అని కంపెనీనే రాసిచ్చింది. గంత పెద్ద కంపెనీ మన ఠాణ ఎస్సై అడుగంగనే ఇస్తదా?"

వాడి ధీమాకు నాకూ నవ్వు వచ్చింది. రొట్టె మాడుతుంటే అటు తిరిగాను. అంతే.

క్రిస్మస్ అయిన తర్వాత ఎర్రన్న ఒక మాట అన్నాడు. ఎండిన చెరుకు గడలు పట్టుకుని అందరూ మిల్లు గేటు దగ్గరికి రండి, సార్లకు రుచి చూపిద్దాం అన్నాడు. జనం కదిలారు. మా ఊరివాళ్లే కాదు, ఎవరూ పిలవని ఊళ్ల నుంచి కూడా వచ్చారు. గేటు ముందు గడల గుట్ట లేచింది. ఎవడో మిల్లు అధికారి జీపు అద్దం పగలగొట్టాడు. ఆ పగలగొట్టినవాడిని ఇప్పటికీ ఎవరూ వెతకలేదు. జనాన్ని రెచ్చగొట్టాడని ఎర్రన్న మీద కేసు పెట్టారు.

లేని మనిషిని ఎట్లా పట్టుకుంటారని ఇంట్లో నవ్వుకున్నాం. అప్పటికి ఎర్రన్న ఎవరో మా ఇంట్లో అందరికీ తెలుసు, ఇల్లు దాటి ఎవరికీ తెలియదు. పైగా ఆ మర్నాడే మిల్లు మా చేనుకు ఆర్డర్ పంపింది. మా మామ మొదటిసారి నవ్వాడు. కూలీలు దిగారు. చేను సగం కొట్టారో లేదో, జీపు వచ్చింది.

పొద్దున పూట. మా అత్త వాకిట్లో కూర్చుని కందులు చెరుగుతోంది. ఎస్సై దిగి అడిగాడు. "రూతమ్మ ఎవలు?"

"నేనే సారూ."

ఎస్సై ఆమెను చూశాడు, చేతిలో ఉన్న చేటను చూశాడు. పక్కనున్న కానిస్టేబుల్ మొహం తిప్పుకుని నవ్వాడు.

"ఎర్రన్న నువ్వేనా అవ్వా?"

"ఎర్రన్నెందుకైత సారూ, నేను రూతమ్మను."

"నీ నంబర్ మీదనే ఉన్నడు ఎర్రన్న. నడువు, ఠాణల మాట్లాడుదాం."

స్టీవెన్ ఆ రోజు నిజామాబాద్‌లో కోచింగ్‌కు పోయాడు. మామ చేనులో ఉన్నాడు. ఆమెను ఒంటరిగా పంపడం ఇష్టం లేక నేను కూడా జీపెక్కాను. ఆడమనిషిని అట్లా ఠాణాకు పిలిపించకూడదని చట్టంలో ఉందని తర్వాత వకీలు చెప్పాడు. ఆ రోజు మాకు చట్టం చెప్పేవాళ్లు లేరు. మా అత్తను గోడవారన బల్ల మీద కూర్చోబెట్టారు. వచ్చేవాడూ పోయేవాడూ "ఎర్రన్నా, ఒక ముచ్చట చెప్పే" అని ఆడుకున్నారు. మా అత్త చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఆమె గొంతెత్తితే పాస్టరయ్య కూడా ఆగి వింటాడు. అట్లాంటి మనిషి తల మీది కొంగు ముఖం మీదికి లాక్కుని మధ్యాహ్నం దాకా నీళ్లు కూడా తాగకుండా కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది. అడగబోతే "ఊకో బిడ్డా" అని నా చెయ్యి పట్టుకుంది. ఆమె నన్ను బిడ్డా అనడం ఆ సీజన్‌కు అదే ఆఖరు.

పొద్దు వాలేముందు స్టీవెన్ వచ్చాడు, వెనక విజయ్ పాల్ వచ్చాడు. స్టీవెన్ నేరుగా ఎస్సై బల్ల దగ్గరికి పోయి, "ఎర్రన్నను నేనే సార్, మా అమ్మను ఇడిచిపెట్టుండ్రి" అన్నాడు. వాడి ఫోన్ గుంజుకున్నారు. లోపలికి తీసుకుపోతుంటే వాడు వెనక్కి తిరిగి విజయ్ పాల్‌తో అన్న మాట నాకు స్పష్టంగా వినిపించింది.

"అమ్మ నంబర్ పెట్టిన సంగతి నీకు సుత చెప్పలే అన్నా. నాకు, వదినెకు తప్ప ఎవలకు ఎరుక లేదు."

ఆ ఒక్క మాటతో నా గతి మారిపోయింది. తెలిసింది ఇద్దరికి. ఒకడు జైలుకు పోయాడు. ఇక మిగిలిందెవరు? పైగా ఆ మిగిలినదాని అన్న పోలీసు. మా ఇంట్లోవాళ్లకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

అత్తను వదిలిపెట్టారు. ఇంటికి వచ్చాక ఎవరూ పొయ్యి వెలిగించలేదు. మామ గోడకు ఆనుకుని కూర్చుని, నన్ను చూడకుండా అన్నాడు. "ఇంటి గుట్టు లంకకు చేటని పెద్దలు ఊకెనే అనలే."

"నన్నేనా మామా?"

"ఎవలకు తాకితె వాళ్లకే."

విజయ్ పాల్ నన్ను లోపలి గదిలోకి పిలిచాడు. తలుపు దగ్గరికి వేశాడు. మంచి మాటే మాట్లాడతాడనుకున్నాను.

"అరుణ్‌కు ఏమన్న చెప్పినవా?"

"లేదు."

"కావాల్నని కాకపోవచ్చు. ఫోన్ల మాట్లాడుకుంట మాట్లాడుకుంట..."

"లేదంటున్న గద."

"మరి ఎట్ల తెలిసె?"

"నాకేం ఎరుక? పోయి ఎస్సైని అడుగు."

అతను ఎస్సైని అడగలేదు. మా అన్నకు ఫోన్ చేసి, "చెల్లెను ఇచ్చింది మా ఇంట్ల కన్నం పెట్టెతందుకా" అని అరిచాడు. మా అన్న తక్కువ తిన్నాడా, రెండింతలు అరిచి ఫోన్ పెట్టేశాడు. ఆ రోజు నుంచి రెండు కుటుంబాలకూ మాటల్లేవు. నడుమ నేను.

తర్వాతి వారాల గురించి చెప్పాలంటే ఇప్పటికీ నాకు కోపమే వస్తుంది. చింతపండు డబ్బా పక్కన ఉండే ఫోన్ మా అత్త నడుముకు కట్టుకున్న సంచిలోకి మారింది. నేను వంటింట్లోకి పోతే మాటలు ఆగిపోయేవి. నేను బయటికి వస్తే మొదలయ్యేవి. జైలు ములాఖత్‌కు ఎవరు ఎప్పుడు పోతున్నారో నాకు చెప్పేవాళ్లు కాదు. పక్కింటి రజిని నా ఎదురుగా కూర్చోబోయి ఆగి, "నీ ఫోన్ జర దూరం పెట్టు చెల్లె, నీ ముందర తుమ్మాల్నన్నా భయమైతాంది" అని నవ్వింది. అంటే రూతమ్మ ఊరంతా చెప్పుకుందన్నమాట.

అన్నిటికంటే సాయంకాలం ప్రార్థన భరించలేకపోయాను. మా ఇంట్లో అన్నానికి ముందు అందరూ మోకాళ్ల మీద కూర్చుంటే అత్త ప్రార్థన చేస్తుంది. ఇదివరకు వానల కోసం, చేను కోసం, విజయ్ పాల్ కడుపుమంట తగ్గడం కోసం చేసేది. ఇప్పుడు కళ్లు మూసుకుని, "తండ్రీ, మా బల్ల మీద చెయ్యి పెట్టి తిని మమ్ముల పట్టిచ్చినోళ్ల మనసు నువ్వే ఇరుగగొట్టు" అనేది. చివర అందరూ ఆమెన్ అనాలి. నా మీద చేసిన ప్రార్థనకు నేనే ఆమెన్ చెప్పాలి. కొన్నాళ్లు చెప్పాను కూడా.

ఒక సాయంత్రం చెప్పలేదు. అందరూ కళ్లు తెరిచి చూశారు.

"అత్తమ్మా, నంబర్ సంగతి నేను ఎవలకు చెప్పలే. నన్నేమన్న అనుకో, కని దేవునికి సుత తప్పు చెప్పకు" అన్నాను.

"దేవునికి నేను చెప్తెనే తెలుస్తదా? ఆయనకన్నీ ఎరుకనే" అంది ఆమె.

"ఆయనకు ఎరుకైతే ఆయన్నే అడుగు. నీ కొడుకు నన్ను అడిగినట్టు సగం సగం కాదు, నిండా అడుగు."

విజయ్ పాల్ నోరు తెరుస్తాడేమోనని చూశాను. అతను చాప అంచు పీకుతూ కూర్చున్నాడు. మర్నాడు నేను బట్టలు సర్దుకుంటుంటే, "కొన్ని రోజులు ఉండి రా, అందరి మనసులు కుదురవడ్తయి" అన్నాడు. బస్సు దాకా వచ్చాడు. బ్యాగు మాత్రం అతనే మోశాడు.

నిజామాబాద్‌లో మా అన్న ఇల్లు నాకేం స్వర్గం కాలేదు. మా అమ్మ చంద్రవ్వ ఏడ్చి, తిట్టి, మళ్లీ ఏడ్చింది. అన్న డ్యూటీ నుంచి వచ్చి నన్ను చూసి, టోపీ తీసి మేకుకు తగిలించి, అన్నం ముందు కూర్చున్నాడు.

"మీ ఇంటోళ్లు నన్ను చెడ్డజేసిండ్రు. మా సార్ ఏమంటుండు ఎరుకనా? నీ బావమరిదికి ముందుగాల్నే ఉప్పందియ్యలే గద అంటుండు. అక్కడ వాళ్లను పట్టిచ్చిన దొంగను, ఇక్కడ వాళ్లను దాచిన దొంగను."

"అన్నా, ఒక్కటి చెప్పు. అత్తమ్మ నంబర్ అని మీవోళ్లకు ఎట్ల తెలిసింది?"

"నాకు తెల్వది."

"నిజంగ తెల్వదా?"

"తెలిసినా చెప్పను. కేసు సంగతి ఇంట్ల మాట్లాడితే నా కొలువు పోతది." పప్పు గిన్నె దగ్గరికి లాక్కుని, మళ్లీ తల ఎత్తలేదు.

విజయ్ పాల్ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. తిన్నావా, పడుకున్నావా, అంతే. అనుమానం పోయిందని ఒక్క నాడూ అనలేదు. ఉందనీ అనలేదు. మింగలేక కక్కలేక ఉన్నాడని మా అమ్మ జాలిపడేది. నాకు జాలి కలగలేదు. మింగడమో కక్కడమో, ఏదో ఒకటి చేసేవాణ్ణే మొగుడంటారు.

స్టీవెన్‌కు బెయిల్ వచ్చింది. ఆ తర్వాత ఎండలు ముదిరిన ఒక రోజు వకీలు నన్ను బోధన్ కోర్టుకు రమ్మన్నాడు. నంబరు ఆమెది కాబట్టి కేసులో మా అత్త పేరు కూడా ఉంది. పేజీ పెట్టింది ఆమె కాదని చెప్పడానికి, నంబరు చదివింది నేను కాబట్టి, నా సాక్ష్యం కావాలట. పోయేసరికి అందరూ కోర్టు అరుగు మీద ఉన్నారు. మామ, అత్త, విజయ్ పాల్, బక్కచిక్కిన స్టీవెన్. స్టీవెన్ నన్ను చూసి లేవబోయి కూర్చుండిపోయాడు. నేను వాళ్లకు దూరంగా, స్తంభం అవతల కూర్చున్నాను.

వకీలు వయసు మళ్లినవాడు. చేతిలో పోలీసులు కోర్టుకు ఇచ్చిన కాగితాల కట్ట ఉంది. "ఎర్రన్న పేజీ ఈమె నంబర్ మీద ఉన్నట్టు ముందుగాల ఎవలెవలకు ఎరుక?" అని అడిగాడు.

మా మామ గొంతు సవరించుకున్నాడు. "ఇద్దరికే ఎరుక సారూ. పట్టిచ్చిందెవలో మాకు తెలుసు. ఇంట్ల మనిషి. గది కోర్టుల చెప్పకుండ సూడుండ్రి, ఇజ్జత్ పోతది."

"ఇంట్ల మనిషేంది?" వకీలు కళ్లద్దాల మీంచి చూశాడు. "పట్టిచ్చింది కంపెనీ గదనయ్యా. పోలీసులు ఎర్రన్న ఎవలని నోటీసు పంపిండ్రు, కంపెనీ ఇచ్చేసింది. ఏ నంబర్ మీద పేజీ తెరిచిండ్రు, ఏ పొద్దు తెరిచిండ్రు, ఏడ కూసొని రాసిండ్రు, మొత్తం ఇచ్చింది. జడ్జి సంతకం సుత అవసరం వడలే. ఇగో, అన్నీ ఈ కాయిదాలల్లనే ఉన్నయి."



"అడిగేటోళ్లకు భయం లేదు, ఇచ్చేటోళ్లకు సిగ్గు లేదు" అని వకీలు తనలో తానే అనుకుని, ఎవరో పిలిస్తే లోపలికి పోయాడు.

మామ తన కాళ్ల వైపు చూసుకుంటున్నాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. స్టీవెన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. విజయ్ పాల్ లేచి నిలబడ్డాడు.

"చాయ్ తాగుదామా?" అన్నాడు.

తెలిసింది ఇద్దరికి కాదు, ముగ్గురికి. స్టీవెన్‌కు, నాకు, కంపెనీకి. మూడోదాన్ని మా ఇంట్లో ఎవరూ లెక్కలోకే తీసుకోలేదు. ఎందుకు తీసుకుంటారు? దానికి ముఖం లేదు. అది మా వంటింట్లో రొట్టెలు చెయ్యలేదు, దాని అన్న పోలీసు కాదు. గుట్టు దాస్తానని మాట ఇచ్చింది అది, అడగగానే విప్పి చేతిలో పెట్టింది అది. నింద మోసింది మాత్రం నేను. ఆ కంపెనీలో ఎవడు మీట నొక్కి మా అత్త పేరు పంపాడో వాడికి ఆ మధ్యాహ్నం అన్నం సహించే ఉంటుంది. ఠాణాలో మా అత్త నీళ్లు కూడా తాగలేదు.

సాక్ష్యం చెప్పాల్సింది చెప్పి, చాయ్ తాగకుండా నిజామాబాద్ బస్సెక్కాను. అన్న డ్యూటీ దిగి వచ్చాక అడిగాను.

"కంపెనీ ఇచ్చిందట. నీకు ముందే ఎరుకనా?"

"గసుంటి కేసులల్ల అన్నీ అట్లనే వస్తయి. అడుగుతం, ఇస్తరు. ఠాణల అందరికి ఎరుకనే."

"మరి నన్ను దొంగను చేస్తుంటే నోరెందుకు తెరువలే?"

"నువ్వు అడిగింది కేసు సంగతి."

అతనితో కూడా ఆ రోజు నుంచి నేను ఎక్కువ మాట్లాడలేదు. తోడబుట్టినవాడికి ఉద్యోగం ముఖ్యం, కట్టుకున్నవాడికి ఇంటి శాంతి ముఖ్యం. నా మాట ఎవడికీ ముఖ్యం కాలేదు.

ఆ వారంలోనే విజయ్ పాల్ వచ్చాడు. కొత్త చొక్కా వేసుకుని, మా అమ్మకు సంత్రాలు తెచ్చాడు. "పోదాం పా, అమ్మ రమ్మన్నది" అన్నాడు.

"నీకు అనుమానం పోయిందా?"

"నాకు అనుమానం ఎప్పుడున్నది? ఇంట్లోళ్ల కోసం ఊకున్న గని, నా మనసుల మొదటిసంది నువ్వు కాదనే ఉన్నది."

"కంపెనీ కాయిదం రాకపోతే?"

"రాకున్నా నమ్మేటోణ్ణే."

"మరి కాయిదం వచ్చినాంకనే ఎందుకు వచ్చినవ్?"

అతను సంత్రా ఒలుస్తూ కూర్చున్నాడు. ఒలిచిన తొనలు నా ముందు పెట్టాడు. నేను ముట్టుకోలేదు. చీకటి పడకముందే వెళ్లిపోయాడు.

ఈస్టర్‌కు ముందు రోజు మా అత్త వచ్చింది. ఒక్కతే, బస్సు దిగి, దారి అడుక్కుంటూ వచ్చింది. మా అమ్మ లేచి కుర్చీ వేస్తే కూర్చోకుండా గడప దగ్గరే నిలబడింది. ఈస్టర్ ఆరాధనలో సంస్కారం ఉంటుంది, రొట్టె, ద్రాక్షరసం. ఎవరితోనైనా మాటలు లేకపోతే, ముందు వాళ్లతో సమాధానపడి గాని ఆ బల్ల దగ్గరికి పోకూడదు. మా చర్చిలో పాతవాళ్లు దీన్ని గట్టిగా పాటిస్తారు. గట్టు తగాదాలు కోర్టుల్లో ఏళ్లకేళ్లు నడుస్తున్నా ఈస్టర్ ముందు రోజు ఒకరి గడపకు ఒకరు పోయి చెయ్యి కలిపి వస్తారు. మా అత్త తన జీవితంలో సంస్కారం మానుకున్నది లేదు, పురిట్లో తప్ప.

"రేపు సంస్కారం" అంది.

"ఎరుకనే."

"తప్పు జేసిన. నిన్ను అనరాని మాటలన్న, దేవుని ముందల్ల సుత అన్న. మాఫ్ చేసిన అను."

మా అమ్మ నా భుజం తట్టింది, అనమన్నట్టు. ఒక్క మాట అంటే అయిపోతుంది. నాకు గొంతు దాకా వచ్చింది కూడా. కానీ ముందు అడగాల్సింది అడిగాను.

"అత్తమ్మా, గా కంపెనీ కాయిదం రాకపోతే నన్ను నమ్ముదువా?"

ఆమె చెప్పులు విడిచి లోపలికి వచ్చి, కుర్చీ మీద కాదు, నేల మీద కూర్చుంది.

"నమ్మకపోదును. సచ్చేదాంక నువ్వే చెప్పినవనుకుందును. అట్లనే ప్రార్థన చేస్తుందును" అంది. "నా దగ్గర అబద్ధం లేదు బిడ్డా."

నాకు ఏడుపు వచ్చింది. అన్ని వారాలు రానిది అప్పుడు వచ్చింది. ఆ ఇంట్లో నాతో నిజం చెప్పిన మనిషి ఆమె ఒక్కతే. అయినా నా మనసు మెత్తబడలేదు. ఎవరో ఊరూ పేరూ లేని కంపెనీ ఇచ్చిన కాగితానికి ఉన్న విలువ, ఆమె చేతి కింద రొట్టెలు చేసిన నా మాటకు లేదు. ఆమే చెప్పింది ఆ మాట.

"ఇప్పుడైతే అనలేను అత్తమ్మా. అబద్ధం నా దగ్గర సుత లేదు."

మా అమ్మ నెత్తి కొట్టుకుంది. మా అత్త మాత్రం తల ఊపింది, న్యాయమే అన్నట్టు. చాయ్ ఇస్తే తాగింది. గ్లాసు తానే కడిగి బోర్లించి, బస్సుకు పోయింది.

మర్నాడు పొద్దున్నే నేను ఎందుకు బయలుదేరానో మా అమ్మకు చెప్పలేదు, నాకే సరిగా తెలియదు. మొదటి బస్సుకు పోయి, పాటలు మొదలయ్యాక చర్చిలోకి పోయి వెనక చాప మీద కూర్చున్నాను. చూసినవాళ్లు చూశారు. ముందు వరుసలో స్త్రీల సమాజం పెద్ద కూర్చునే చోటు ఖాళీగా ఉంది. కాసేపటికి మా అత్త వెనక గుమ్మంలోంచి వచ్చి నా పక్కన కూర్చుంది. మాఫ్ చేసిన అనమని మళ్లీ అడగలేదు. నేనూ అనలేదు.

పాస్టరయ్య సంస్కారానికి పిలిచాడు. వరస వెనక వరస లేచి ముందుకు పోయింది. రజిని పోయింది, మా మామ పోయాడు. స్టీవెన్ మా దగ్గర ఒక క్షణం ఆగి, తల వంచుకుని బయటికి నడిచాడు. మా అత్త ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చునే ఉంది. ఆమె లేవకపోవడం చూసి ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాస్టరయ్య గిన్నె పట్టుకుని ఆమె వైపు చూసి, కాసేపు ఆగి, ముందుకు సాగాడు.

విజయ్ పాల్ మొదటి వరుసలోనే మోకరించి, కళ్లు మూసుకుని, రెండు చేతులూ చాచాడు. అతనికి ఎవరితోనూ తగాదా లేదు.